మన భద్రత: ఫోను చేసినవారి వాటా

గత నెల ఈ శీర్షికలో వంటగ్యాసు రబ్బరు గొట్టాల గురించి వ్రాసినాము. పలువురు గృహిణులు తమ ఇంటి గొట్టంపై ముద్రించిన తేదీ చూసుకొని, గడువు తీరినవాటిని మార్పించుకొన్నామని తెలియజేసినందుకు ఎంతో సంతోషించినాము. ఈ నెల విషయం ఇంటి గడప దాటిన తరువాతిది. పరధ్యానంగా నడచుట, పరధ్యానంగా సైకిలు తొక్కుట.

ఉదయం ఏ షిఫ్టు వేళకు మన టౌన్‌షిప్ రోడ్డు పక్కన పది నిమిషాలు నిలబడితే ఈ సమస్య కళ్ళకు కడుతుంది. ఒకరు ఎడమచేత హ్యాండిలు పట్టుకొని, కుడిచేతిలోని ఫోనుతో మాట్లాడుతూ సైకిలు తొక్కుతుంటారు. మరొకరు రెండు చెవులలో ఇయర్‌ఫోన్లు పెట్టుకొని రోడ్డు దాటుతుంటారు. ఉదయపు నడకకు వచ్చిన పెద్దలు తల వంచుకొని నిన్నటి సందేశాలు చదువుకొంటుంటారు. బడి బస్సు కోసం పరుగెత్తే పిల్లవాని చూపు కూడా బస్సుపై ఉండదు. వీరందరికీ హితవు చెప్పుటకే ఈ వ్యాసమని పాఠకులు అనుకోవచ్చును. ఆ హితవు తప్పక చెప్తాము. అంతకుముందు మా తప్పు ఒకటి చెప్పుకొనవలసి ఉన్నది.

2016 వర్షాకాలంలో మేము పంప్‌హౌస్ మరమ్మతుల విభాగం చూస్తుండేవారము. ఒకనాడు తెల్లవారుజామున ఐదున్నరకు కూలింగ్ వాటర్ పంపు ఒకటి ట్రిప్ అయినదని కబురు వచ్చింది. వెంటనే ఏ షిఫ్టుకు రావలసిన ఫిట్టరుకు ఫోను చేసినాము. రెండవ మోతకే "చెప్పండి సార్" అన్నాడు. ఎక్కడున్నావని మేము అడుగలేదు. ఏ పంపు, ఏ వాల్వు ముందు మూయాలి, స్టోరు నుండి ఏమేమి తీసుకొని రావాలి అని వరుసగా చెప్పుకొంటూ పోయినాము. అర నిమిషం గడిచినదో లేదో ఒక చప్పుడు వినిపించింది. ఆ తరువాత ఫోనులో వాన శబ్దం తప్ప మరేమీ లేదు. కొంతసేపటికి ఎవరో అపరిచితుడు ఫోను అందుకొని "సైకిలు మీంచి పడిపోయాడండీ" అన్నాడు.

మా మాట వింటూ వస్తున్న ఫిట్టరు మలుపులోని కల్వర్టు గోడను గమనించలేదు. భుజం దగ్గర ఎముక విరిగింది. వెనుక నుండి ఆ సమయంలో లారీ ఏదీ రాకపోవుట అతని అదృష్టం, మా అదృష్టం కూడా. ఇంతకూ మేము ఫోను చేసేసరికే సి షిఫ్టువారు స్టాండ్‌బై పంపును నడిపించి ఉన్నారు. అతడు గేటు లోపలికి వచ్చిన తరువాత చెప్పినా సరిపోయేది.

ప్రమాద నివేదికలో కారణం అనే గడిలో "సైకిలుపై వెళ్తూ ఫోనులో మాట్లాడుట" అని వ్రాయబడినది. ఫోను చేసినవారెవరు అనే గడి ఆ ఫారంలో లేదు. విభాగాధికారిగా దానిపై సంతకం చేసినవారము మేమే. సాయంత్రం ఆసుపత్రికి వెళ్ళినప్పుడు అతని భార్య ఎంతో మర్యాదగానే, "మీ ఫోను కాబట్టి ఎత్తారండీ. నేను చేస్తే గేటు దాటాకే చూసుకుంటారు" అన్నది. ఆ మాటకు మా వద్ద జవాబు లేకపోయినది. నేటికీ లేదు.

ఫోనులో మాట్లాడువానికి ఎదుటి గోడ ఎందుకు కనబడదు? కన్ను తెరచి ఉన్నంత మాత్రాన చూచినట్లు కాదు. అమెరికాలోని వెస్టర్న్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఐరా హైమన్ అను ఆచార్యుడు, ఆయన సహచరులు చేసి 2010లో ప్రచురించిన ప్రయోగం ఇందుకు చక్కని నిదర్శనం. విశ్వవిద్యాలయ ప్రాంగణంలో రంగురంగుల దుస్తులు తొడిగిన విదూషకుని చేత ఒంటిచక్రపు సైకిలు తొక్కించి, ఆ దారిన పోయిన వారిని "విదూషకుని చూచినారా?" అని అడిగినారు. ఒంటరిగా నడచినవారిలో నూటికి 51 మంది చూచినారు. ఫోనులో మాట్లాడుతూ నడచినవారిలో చూచినవారు నూటికి 25 మందే.

అయితే మమ్ములను ఎక్కువగా ఆలోచింపజేసినది మరొక అంకె. ఇద్దరిద్దరుగా కలిసి నడచినవారిలో నూటికి 71 మంది విదూషకుని చూచినారు. తోడు నడుస్తున్న మనిషికి కూడా అదే దారి కనబడుతూ ఉంటుంది. లారీ వస్తే మాట ఆపుతాడు, చేయి పట్టి లాగుతాడు. ఫోనుకు అవతల ఉన్నవారికి ఆ దారి కనబడదు. ఎక్కడ ఊపిరి బిగబట్టాలో, ఎక్కడ మాట ఆపాలో వారికి తెలియదు. ఆనాడు కుర్చీలో కూర్చొని మాట్లాడిన మాకు ఆ కల్వర్టు కనబడలేదు.

అదే ప్రయోగంలో సంగీతం వింటూ నడచినవారిలో నూటికి 61 మంది విదూషకుని గుర్తించినారు. ఇది చూచి ఇయర్‌ఫోన్లు నిరపాయమని యువతీయువకులు భావించరాదు. ఆ ప్రయోగం చూపునకు సంబంధించినది, వినికిడికి కాదు. మన సైకిళ్ళలో చాలావాటికి అద్దం ఉండదు. వెనుక వచ్చే వాహనం సంగతి తెలిపేది చెవి మాత్రమే. పైగా విద్యుత్తుతో నడిచే స్కూటర్లు నెమ్మదిగా వచ్చునప్పుడు చప్పుడే చేయవు. ఆ కొద్దిపాటి టైరు శబ్దం కూడా పాటలో మునిగిపోతే మిగిలేది ఏమిటి?

ఇంజనీర్లము కనుక ఒక చిన్న లెక్క వేద్దాము. గంటకు 15 కిలోమీటర్ల వేగంతో పోయే సైకిలు సెకనుకు 4 మీటర్లకు పైగా సాగుతుంది. ఒక సందేశం చదువుటకు 5 సెకన్లు తల వంచితే 20 మీటర్ల దూరం చూడకుండా తొక్కినట్లే. ఆ చేతితో బ్రేకు పట్టుటకు కూడా వీలుండదు. ఇక నడచువారి సంగతి. 7 మీటర్ల రోడ్డును మామూలు నడకతో దాటుటకు సుమారు 6 సెకన్లు పడుతుంది. ఫోను చూస్తూ నడచినప్పుడు అడుగు మందగిస్తుంది. మరొక సెకను పట్టినదనుకొందాము. ఆ ఒక్క సెకనులో గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు 14 మీటర్లు ముందుకు వస్తుంది.

2022లో మన దేశపు రోడ్లపై 1,68,491 మంది ప్రాణాలు కోల్పోయినట్లు కేంద్ర రవాణా శాఖ నివేదిక తెలుపుతున్నది. వారిలో 32,825 మంది పాదచారులు. వీరందరూ పరధ్యానంగా నడచినవారని అనుట అన్యాయం. కాలిబాటలు లేని రోడ్లు, అతివేగంగా నడిపే డ్రైవర్లు ఇందుకు ప్రధాన కారణాలు. కాని అటువంటి రోడ్లపై నడవవలసిన మనకు ఆత్మరక్షణకు ఉన్నవి కళ్ళు, చెవులు మాత్రమే. వాటిని కూడా ఫోనుకు అప్పగించరాదని మా మనవి.

ఇతర దేశాలు చట్టాల ద్వారా ఈ పని చేస్తున్నవి. నెదర్లాండ్స్‌లో 2019 జులై నుండి సైకిలు తొక్కుతూ ఫోను చేత పట్టుట నేరం. జపానులో 2024 నవంబరు నుండి అదే పనికి ఆరు నెలల వరకు జైలు గాని, లక్ష యెన్‌ల వరకు జరిమానా గాని విధించవచ్చును. అయితే ఈ చట్టాలు శిక్షించేది సైకిలుపై ఉన్నవానినే. ఫోను చేసినవారిని నియమించవలసినది వారి మనస్సాక్షి. అందుకే ఈ క్రింది సూచనలలో మొదటి రెండూ ఫోను చేయువారికి వ్రాస్తున్నాము.

1. ఫోను ఎత్తగానే మొదటి ప్రశ్న "దారిలో ఉన్నారా?" అని ఉండాలి. అవునంటే "చేరిన తరువాత మాట్లాడదాము" అని వెంటనే పెట్టివేయండి. అధికారులకు, ఇంట్లోని వారికి కూడా ఇదే నియమం.

2. షిఫ్టు మారే వేళకు ముందు అరగంట, తరువాత అరగంట, దారిలో ఉండగల సిబ్బందికి ఫోను చేయకండి. విధులలో ఉన్న షిఫ్టువారికి గాని, కంట్రోల్ రూముకు గాని చెప్పండి.

3. సైకిలుపై ఉన్నప్పుడు ఫోను మోగితే మోగనివ్వండి. అత్యవసరమనిపిస్తే రోడ్డు దిగి, కాలు నేల మీద ఆనించి మాట్లాడండి. పై అధికారి ఫోనైనా సరే.

4. నడిచేటప్పుడు, సైకిలు తొక్కేటప్పుడు ఇయర్‌ఫోన్లు జేబులో ఉంచండి. కాలిబాట లేనిచోట ఎదురు వచ్చే వాహనాలు కనబడేటట్లు కుడిపక్కన నడవండి.

5. పిల్లలకు చెప్పేముందు పెద్దలు ఆచరించి చూపండి.

మా ఫిట్టరు కొన్ని వారాలకు కోలుకొని తిరిగి విధులలో చేరినాడు. చేరిన మొదటి వారంలోనే ఒక ఉదయం అతనితో పని పడి ఫోను చేసినాము. ఎత్తలేదు. పది నిమిషాల తరువాత సైకిలు స్టాండు నుండి తానే ఫోను చేసి, కొంచెం జంకుతూ, "దారిలో ఉన్నానండి, అందుకే తీయలేదు" అన్నాడు. మంచి పని చేసినావని చెప్పినాము. ఆ మాట అధికారుల నోటి నుండి వినబడితే తప్ప కార్మికుడు ధైర్యంగా ఫోను మోగనివ్వలేడు. కనుక మన విభాగాలలో ప్రతి అధికారీ తన సిబ్బందితో ఆ మాట ఒక్కసారి, వారికి వినబడేటట్లు చెప్పవలెనని కోరుతున్నాము.

వచ్చే నెల ఈ శీర్షికలో ఇంటిలోని విద్యుత్తు ఎర్తింగు గురించి ముచ్చటించుకొందాము.