తూనికయందు నిజాయితీ

ఆహారశాస్త్రము నభ్యసించు విద్యార్థికి తెలివికన్న ముందుగా కావలసినది తూనికయందు నిజాయితీ యని మా యభిప్రాయము. 1918వ సంవత్సరమున కూనూరులో, ఒక్క గదిలో, రాబర్టు మెకారిసన్ గారు బెరిబెరి వ్యాధినిగూర్చి పరిశోధన నారంభించిరి. ఆ చిన్న ప్రయత్నమే పెరిగి, 1958లో హైదరాబాదు చేరి, నేడు జాతీయ పోషకాహార సంస్థయై వెలయుచున్నది. 2017లో నా సంస్థ ప్రకటించిన పట్టికలలో 528 ఆహారపదార్థముల వివరములు గలవు. అందు ప్రతి యంకె వెనుకను తూచి, కొలిచి, ఉన్నది ఉన్నట్లు వ్రాసినవారి శ్రమ గలదు.

గ్రాము పిండిపదార్థము 4 కిలోకాలరీల నిచ్చును. గ్రాము క్రొవ్వు 9 ఇచ్చును. కావున గరిటెడు నూనెను కంటితో నంచనావేసి లెక్క వ్రాయువాడు రోగినే మోసగించుచున్నాడు. మధుమేహరోగి పథ్యపుపట్టికను నమ్మి భుజించును. ఆ లెక్కను సరిచూచుకొను సాధన మాతనియొద్ద లేదు.

"ఇప్పుడు పరీక్ష గట్టెక్కిన చాలును, ఉద్యోగమున చేరిన పిమ్మట జాగ్రత్త యదియే వచ్చును" అని కొంద రందురు. మే మందుల కంగీకరింపము. వంద పనులు మీదపడిన ఆసుపత్రి వంటశాలలో పాత యలవాటే చేతిని నడపును గాని క్రొత్త బుద్ధి పుట్టదు. విద్యార్థులారా! ఎవరును చూడనివేళ త్రాసును మరల సరిచూడుడు. మీ వృత్తికి పునాది యదియే.