పదో వంతు తెచ్చిన ముప్పు

రూపాయిని పది పైసల చొప్పున పంచుకుంటూ పోతే చివరికి ఎంత మిగులుతుంది? చిన్న పిల్లాడైనా 'సున్నా' అని ఠక్కున చెప్పేస్తాడు. అదే లెక్క పైథాన్ అనే కంప్యూటర్ భాషకి ఇచ్చి చూడండి. ఒకటిని 0.1తో భాగిస్తే శేషం 0.09999999999999995 అంటుంది! అంటే దాదాపు పది పైసలు మిగిలిపోయాయన్నమాట.

అంత పెద్ద యంత్రానికి ఇంత చిన్న లెక్క రాదా? కిటుకు అంకెల్లో ఉంది. కంప్యూటర్‌కి తెలిసినవి 0, 1 మాత్రమే. అర, పావు, అరపావు, వీసం... ఇలా సగానికి సగం చేసుకుంటూ వచ్చే భిన్నాలను అది ఉన్నదున్నట్టు దాచుకోగలదు. పదో వంతు ఆ సగాల్లో ఇమడదు. మనం మూడో వంతును 0.3333 అని ఎంత దూరం రాసినా పూర్తికాదు కదా, దానికి 0.1 అలాంటిదే. ఎక్కడో ఒకచోట ఆపి సర్దుకుంటుంది. అలా సర్దిన 0.1 అసలు దానికన్నా రవ్వంత పెద్దది. అందుకే ఒకటిలో అలాంటివి పది పట్టవు, తొమ్మిదే పడతాయి. మిగిలిందంతా శేషమే!

రవ్వంత తేడాకే ఇంత రాద్ధాంతమా అనుకోవద్దు. 1991 ఫిబ్రవరి 25న గల్ఫ్ యుద్ధంలో సౌదీ అరేబియాలోని దహ్రాన్ దగ్గర అమెరికా పేట్రియాట్ క్షిపణి వ్యవస్థ, ఇరాక్ వదిలిన స్కడ్‌ను అడ్డుకోలేకపోయింది. 28 మంది సైనికులు చనిపోయారు. ఆ వ్యవస్థ కాలాన్ని సెకనులో పదో వంతు చొప్పున లెక్కపెట్టేది. దాచుకున్న 0.1లోనే పిసరంత తరుగు ఉంది. వంద గంటలు ఆపకుండా నడిచేసరికి ఆ తరుగంతా పోగై 0.34 సెకన్లయింది. ఆకాశంలో వెతకాల్సిన చోటు 687 మీటర్లు పక్కకి జరిగిపోయింది. సరిచేసిన సాఫ్ట్‌వేర్ అక్కడికి చేరింది మర్నాడు!

మందు లేని జబ్బేం కాదిది. డబ్బు లెక్కలను రూపాయల్లో కాకుండా పైసల్లో రాసుకుంటే సరి. వందను పదితో భాగిస్తే ఏ కంప్యూటరైనా శేషం సున్నా అనే చెబుతుంది. దశాంశాలు తప్పనిచోట పైథాన్‌లోనే 'డెసిమల్' అనే ఏర్పాటుంది. అది పదుల్లోనే లెక్క కడుతుంది. కాకపోతే దానికి 0.1ని కొటేషన్ గుర్తుల మధ్య రాసి ఇవ్వాలి. ఊరికే ఇస్తే పాత తప్పే లోపలికి వస్తుంది. యంత్రం చెప్పింది కదా అని నమ్మేముందు, జవాబు తెలిసిన లెక్క ఒకటి ఇచ్చి చూడటం ఎప్పుడూ మంచిది.