ఖాళీ పొట్లం ఎవరిది?

తెల్లవారగానే కాఫీ తాగనిదే దక్షిణ దేశంలో చాలా ఇళ్లలో పని మొదలుకాదు. కోయంబత్తూరు నుంచి మేట్టుపాళయం వెళ్లే దారిలో ఉన్న తుడియలూరు కూడా ఇందుకు మినహాయింపు కాదు. తరతరాలుగా ఆ ప్రాంతంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలోనూ, ఇరుగుపొరుగు తమిళ కుటుంబాలలోనూ ఇంటికి వచ్చిన చుట్టానికి ముందుగా అందేది పొగలు కక్కే కాఫీయే. తాగిన డవరాను, గ్లాసును కడిగి బోర్లిస్తారు. ఫిల్టరులో మిగిలిన పిప్పిని మొక్కల మొదట్లో వేస్తారు. ఇక మిగిలేది కాఫీపొడి వచ్చిన పొట్లం. అరచేతిలో ఇమిడే ఆ ఖాళీ పొట్లాన్ని ఏం చేయాలో మాత్రం ఎవరికీ తెలియదు.

పూర్వం ఈ చిక్కు లేదు. అంగడివారు కాఫీగింజలను వేయించి, కొనేవారి ఎదుటనే మరలో పొడిచేసి, కాగితంలో పొట్లం కట్టి ఇచ్చేవారు. ఇంటికి తెచ్చిన పొడిని మూత గట్టిగా పట్టే డబ్బాలో పోసుకునేవారు. కాగితం పొయ్యిలోకో, ఎరువుగుంటలోకో పోయేది. తమిళనాడు పట్టణాలలో అలాంటి అంగళ్లు ఇప్పటికీ ఉన్నాయి. అయితే చిల్లర అంగళ్లలో దండలుగా వేలాడే తళతళలాడే చిన్న పొట్లాలు ఇప్పుడు ఇంటింటికీ చేరాయి.

ఈ చిన్న పొట్లాన్ని ఊరికే నిందించడం న్యాయం కాదు. దాని పుట్టుక వెనుక మంచి ఉద్దేశమే ఉంది. 1970లలో కడలూరుకు చెందిన చిన్ని కృష్ణన్ షాంపూ వంటి సరుకులను చిన్న పొట్లాలలో అమ్మే పద్ధతికి దారి చూపారు. ధనికులు వాడే వస్తువు కూలివారికీ అందాలన్నది ఆయన ఆశయం. ఆ పద్ధతి తరువాత కాఫీకీ పాకింది. రోజుకూలితో బతికే కుటుంబం ఒకేసారి పావుకిలో కాఫీపొడి కొనలేకపోవచ్చు. ఒక చిన్న పొట్లం కొనగలదు. కాని చిన్న పొట్లంలో సరుకు తక్కువ, చుట్టిన కవరు ఎక్కువ. ఒక పెద్ద పొట్లంలో పట్టే పొడిని ఇరవై చిన్న పొట్లాలలో నింపితే, కవరు ఎన్నో రెట్లు ఎక్కువ కావాలి.

కవరు ఎక్కువైతే మాత్రం ఏం, కరిగించి మళ్లీ వాడవచ్చు కదా అని కొందరు అంటారు. పాతపేపర్లు, ఇనుప డబ్బాలు, పాలకవర్లు పాతసామాన్ల అంగడివారు తూకం వేసి కొంటారు. కాఫీ పొట్లాన్ని మాత్రం తీసుకోరు. కారణం దాని నిర్మాణంలోనే ఉంది. వేయించి పొడిచేసిన కాఫీకి గాలి, తేమ, వెలుతురు మూడూ శత్రువులే. వాటిని అడ్డుకోవడానికి సాధారణంగా పైన అచ్చు వేయడానికి పాలియెస్టరు పొర, నడుమ పలుచని అల్యూమినియం రేకు, లోపల వేడితో అతుక్కునే పాలిథీను పొర ఉంచి, మూడింటినీ విడిపోకుండా అంటిస్తారు. అల్యూమినియం విలువైన లోహం. పాత అల్యూమినియాన్ని కరిగించడానికి, ఖనిజం నుంచి కొత్తగా తీయడానికి అయ్యే శక్తిలో సుమారు 5 శాతం చాలు. కాని ప్లాస్టిక్ పొరల మధ్య చిక్కుకున్న ఆ రేకును తక్కువ ఖర్చుతో వేరుచేయడం కష్టం. అందువల్ల ఇలాంటి కవర్లలో కొన్ని సిమెంటు బట్టీలలో ఇంధనంగా కాలిపోతాయి. మిగిలినవి చెత్తకుప్పకు చేరతాయి. కాల్చివేయడాన్ని పునర్వినియోగం అనడం మాటల గారడీయే.

ఆ చెత్తకుప్ప ఎక్కడుంది? తుడియలూరు 2011లో కోయంబత్తూరు నగరపాలక సంస్థలో చేరింది. నగరంలో పోగయ్యే చెత్త ఏళ్ల తరబడి వెళ్లలూరులో గుట్టలుగా పేరుకుపోయింది. 2024 ఏప్రిల్‌లో అక్కడ రాజుకున్న మంట కొన్ని రోజులపాటు ఆరలేదు. పొగ కమ్మినప్పుడు కళ్లు మండింది పొట్లం విప్పి కాఫీ తాగినవారికి కాదు, ఆ పరిసరాల్లో కాపురముండేవారికి. వారి మొర జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. ఇదే వెళ్లలూరులో 19వ శతాబ్దంలో రోమన్ల వెండి నాణేలు దొరికాయి. దూరదేశాలతో వర్తకం చేసిన కాలానికి అవి సాక్ష్యాలు. ఈ తరం అదే మట్టిలో దాస్తున్నది కాఫీ పొట్లాలను, నూనె కవర్లను. నాణెం లాగే ఇవీ అంత త్వరగా మట్టిలో కలిసిపోవు.

ఈ బాధ్యత ఎవరిది? ఇల్లాలిదని కొందరు, పారిశుద్ధ్య కార్మికులదని కొందరు అంటారు. ఇద్దరూ పొట్లాన్ని తయారుచేయలేదు. 2016లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనలు, తిరిగి వాడటానికి పనికిరాని బహుళపొరల కవర్లను రెండేళ్లలో మాన్పించాలని చెప్పాయి. గడువు దగ్గరపడిన 2018లో ఆ మాట సడలింది. కాల్చి శక్తి పొందడానికో, మరో పనికో ఉపయోగపడితే అలాంటి కవరు కొనసాగవచ్చునన్నారు. 2022 ఫిబ్రవరిలో వచ్చిన మార్గదర్శకాలు తయారీదారుల బాధ్యతకు లక్ష్యాలు నిర్ణయించాయి. అవి కాగితం మీద మిగిలిపోకూడదు. కవరు మీద తన పేరును పెద్ద అక్షరాలతో అచ్చు వేసుకున్న సంస్థ, సరుకు అయిపోగానే ఆ పేరుతో తనకు సంబంధం లేదనడం ధర్మం కాదు. ఒకే రకం ప్లాస్టిక్‌తో కవరు చేయడం, ఖాళీ కవరు తిరిగి ఇచ్చినవారికి కొంత సొమ్ము చెల్లించడం వారు చేయవలసిన పనులు.

పొడి తాజాగా ఉండాలంటే రేకు పొట్లం తప్పదని సంస్థలు చెబుతాయి. దూర ప్రాంతాలకు పంపి, నెలల తరబడి అంగడిలో నిలవ ఉంచే సరుకు విషయంలో అది నిజమే. ఊళ్లోనే పొడిచేసి వారం పది రోజుల్లో వాడుకునే కాఫీకి అంత కట్టుదిట్టం అక్కరలేదు. మూత గట్టిగా ఉన్న స్టీలు డబ్బా చాలు. డబ్బు తక్కువ ఉన్నవారికి కూడా ఆ డబ్బాలోనే యాభై గ్రాములో, ఇరవై గ్రాములో తూచి ఇవ్వడానికి అంగడివారు వెనుకాడకూడదు. అప్పుడు పేదవారికి కాఫీ దూరం కాదు; పొట్లం మాత్రమే దూరమవుతుంది.

ఇది జరిగే పని కాదని అనుకోనక్కరలేదు. తమిళనాడులో 2019 జనవరి 1 నుంచి ఒకసారి వాడి పారేసే 14 రకాల ప్లాస్టిక్ వస్తువులపై నిషేధం అమలులోకి వచ్చింది. ప్లాస్టిక్ పూత ఉన్న కాగితపు కప్పులు కూడా అందులో ఉన్నాయి. 2021 డిసెంబరులో ‘మీండుం మంజప్పై’ పేరుతో పసుపు గుడ్డసంచిని మళ్లీ వాడుకలోకి తెచ్చే ఉద్యమాన్ని రాష్ట్ర ప్రభుత్వం ప్రారంభించింది. దూరదేశాలలోనూ ఇలాంటి ఆలోచనే కనిపిస్తుంది. జర్మనీలోని హాంబర్గ్ నగర పాలకులు 2016లో ప్రభుత్వ కార్యాలయాలకు ఒకసారి వాడి పారేసే కాఫీ గుళికలు కొనరాదని నిర్ణయించారు. అదే ఏడాది ఫ్రైబర్గ్ నగరంలో, ఒక యూరో జమ ఉంచుకొని కాఫీకప్పు ఇచ్చి, కప్పు తిరిగి ఇవ్వగానే ఆ సొమ్ము వాపసు చేసే పద్ధతి మొదలైంది. డవరా గ్లాసులు కడిగి వాడుకునే దక్షిణ దేశానికి ఈ నీతి కొత్తది కాదు.

తుడియలూరులో సంచి పట్టుకొని అంగడికి వెళ్లే పిల్లలు అందులో ఒక ఖాళీ డబ్బా కూడా వేసుకొని వెళ్లవచ్చు. తప్పనిసరై పొట్లం కొన్నా, దాన్ని తడి చెత్తలో కలపకుండా విడిగా దాచవచ్చు. ఒక నెలలో తరగతి పిల్లల ఇళ్లలో పోగైన పొట్లాలను లెక్కపెట్టి, ఆ లెక్కను వాటిని తయారుచేసిన సంస్థలకు ఉత్తరం రాసి తెలియజేయవచ్చు. అరకు లోయలోనూ, నీలగిరులలోనూ రైతులు కష్టపడి చెట్ల నీడలో పండించే పంట కాఫీ. చెట్టు నీడన పుట్టిన గింజ వల్ల నేల పాడుకాకూడదు. ‘అడుసు తొక్కనేల, కాలు కడగనేల’ అన్నారు పెద్దలు. పొట్లాన్ని పారేశాక దారి వెతకడం కంటే, పొట్లం అక్కరలేని దారిని ముందే ఎంచుకోవడం తెలివైన పని.