అగడ్త లేనిదే ఓరుగల్లు కోట లేదు

ఖమ్మం జిల్లా కల్లూరు వైపు బడుల నుంచి ఓరుగల్లు (వరంగల్) కోటకు వెళ్లిన పిల్లలు కీర్తి తోరణాల దగ్గర ఫొటోలు దిగి వచ్చేస్తారు. తెలంగాణ రాష్ట్ర చిహ్నంలో ఉన్నదీ ఆ తోరణమే. అందుకే కోటంటే రాయి అన్న అభిప్రాయం పాతుకుపోయింది. అగడ్త మాటెత్తితే, యుద్ధాల కాలంలో తవ్విన గొయ్యి, ఇప్పుడు దానితో పనేముందని చదువుకున్నవాళ్లే అంటారు. ఈ మాట రెండు విధాల తప్పు.

మొదటిది, అది కోటలో సగం. ఖమ్మం ఖిల్లాకు కొండే రక్ష. ఓరుగల్లు మైదానంలో ఉంది. అక్కడ రక్షణను నేలలోంచే పుట్టించాలి. కాకతీయ రాజు గణపతిదేవుడు మొదలుపెట్టి రుద్రమదేవి పూర్తిచేసిన రాతిగోడకు 45 బురుజులు, చుట్టూ నీటి అగడ్త. దాని అవతల సుమారు రెండున్నర కిలోమీటర్ల వ్యాసంతో మట్టికోట, దానికీ ఒక అగడ్త. తవ్విన మట్టే కట్టగా లేచింది. 1310లో ఢిల్లీ సేనాని మాలిక్ కాఫూర్ సైన్యం మొదట పోరాడాల్సి వచ్చింది ఈ మట్టితోనే. రాళ్లు విసిరే యంత్రాలకు కూడా ఆ గోడ లొంగలేదని శత్రుపక్షపు కవి అమీర్ ఖుస్రో రాశాడు. అగడ్తను మట్టితో పూడ్చాకే వాళ్లు గోడ దాకా రాగలిగారు.

రెండోది, అగడ్త పని యుద్ధంతో తీరిపోదు. ఇంగ్లండు పల్లెల్లో ఐదు వేలకు పైగా అగడ్త స్థలాలున్నాయి. ఎక్కువ భాగం 1250–1350 మధ్యవి, అంటే దాదాపు మన రుద్రమ, ప్రతాపరుద్రుల కాలానివి. చాలావాటిలో కోటే లేదు. భూస్వామి ఇల్లో, రైతు ఇల్లో ఉండేది. బంకనేలలో మురుగు పోవడానికి, చేపలకు, ఇంటి హోదాకు తవ్వుకున్నారు. కెంట్‌లోని ఐటమ్ మోట్ అనే ఇంటి చుట్టూ ఇప్పటికీ నీళ్లున్నాయి. సైన్యాన్ని ఆపలేని గుంటలను కూడా వాళ్లు చరిత్రగా లెక్కగట్టి కాపాడుకుంటున్నారు.

మన అగడ్త సైన్యాలను నిలిపింది, వాననీటినీ పట్టుకుంది. 2020 ఆగస్టులో వరంగల్ కాలనీలు నీట మునిగాయి. నీరు నిలిచే పల్లాన్ని పూడిస్తే ఆ నీరు ఇళ్లలోకే దారి వెతుక్కుంటుంది. ఇంత తెలిసీ అగడ్తను ఖాళీ జాగాగా చూడటం క్షమించరానిది.

రక్షిత కట్టడానికి 100 మీటర్లలోపు కొత్త నిర్మాణం చేయరాదని ప్రాచీన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ చెబుతోంది. ఆ కొలత రాతిగోడ నుంచి కాదు, మట్టికోట అగడ్త బయటి అంచు నుంచి మొదలవ్వాలి. ముందు ఆ అంచును సర్వే చేసి, హద్దురాళ్లు నాటి, పటాన్ని ప్రజల ముందు పెట్టండి.