నెలనెలా కిరాయి మనది, కాగితం మీద పేరు ఎవరిది?



ఈసారి జీతం గురించి కాదు, టికెట్ గురించి కాదు, పడుకునే మంచం గురించి మాట్లాడుకుందాం.

మన డీఐపీలో, ఫేజ్ వన్‌లో ఉన్నా ఫేజ్ టూలో ఉన్నా, డ్యూటీ దిగి వచ్చిన మనిషికి నాది అనుకునే చోటు ఒక్కటే. రెండంతస్తుల ఇనుప మంచం, కింద సూట్‌కేసు, తలకాడ ఫోన్ చార్జరు, అడ్డంగా కట్టుకున్న దుప్పటి. ఆ చోటు మీదేనని చెప్పే కాగితం మీ దగ్గర ఏముంది? ఈ ఒక్క ప్రశ్న ఇవాళ రాత్రి మీ రూములో అందరినీ అడిగి చూడండి. చాలామంది దగ్గర ఏమీ ఉండదు. ఎన్ని నెలలు ఉన్నా, ఎన్ని వేల దిర్హాములు కట్టినా, రేపు పొద్దున "ఖాళీ చెయ్" అంటే సామాను మోసుకుని రోడ్డు మీద నిలబడాల్సిందే.

నేను చెప్పదలచుకున్నది ఇంతే. కిరాయి కట్టే ప్రతి మనిషి పేరు కాగితం మీద ఉండాలి. అది మనమే అడగాలి, అందరం కలిసి అడగాలి.

ముందు ఒక తేడా తెలుసుకోండి. మనం పడుకునే మంచాలు రెండు రకాలు. కంపెనీ ఇచ్చిన మంచం ఒకటి, మనం డబ్బు కట్టి తీసుకున్న బెడ్ స్పేస్ రెండోది. చూడ్డానికి రెండూ ఒకటే. చట్టంలో మాత్రం వాటి దారులు వేరు. ఒకదాని గొడవ ఇంకో ఆఫీసుకు తీసుకుపోతే రోజులు వృథా అవుతాయి.

కంపెనీ మంచం సంగతి కార్మిక చట్టం చూసుకుంటుంది. 2021లో వచ్చిన 33వ నంబరు చట్టంలో 13వ ఆర్టికల్ ఏమంటుందంటే, కంపెనీ మనకు అనుమతి ఉన్న సరైన వసతి ఇవ్వాలి, లేదంటే వసతి డబ్బు విడిగా గానీ జీతంలో కలిపి గానీ ఇవ్వాలి. 2022 నాటి 44వ నంబరు తీర్మానం ప్రకారం 50 మంది, అంతకన్నా ఎక్కువ మంది పనివాళ్లున్న కంపెనీ, నెలకు 1500 దిర్హాముల లోపు జీతం ఉన్నవాళ్లకు వసతి చూపించాల్సిందే. క్యాంపు రూములో మనిషికి కనీసం 3 చదరపు మీటర్ల చోటు ఉండాలని నియమం. అంటే దాదాపు 32 చదరపు అడుగులు. ఒక నులక మంచం, పక్కన ఒక పెట్టె వేస్తే నిండిపోయే చోటు. అది కూడా లేకపోతే అడిగే హక్కు మీకు ఉంది. అడగాల్సింది కార్మిక మంత్రిత్వ శాఖను, అంటే మొహ్రేను. ఫోన్ నంబర్లు 600590000, 80084.

ఇక్కడ మనవాళ్లు చేసే పొరపాటు ఒకటి ఉంది. "క్యాంపు తిండి పడదు, నేను బయట ఉంటా" అని వసతి వదులుకుంటారు. మూడు నెలలు బాగానే ఉంటుంది. తర్వాత బెడ్ రేటు పెరుగుతుంది, అలవెన్సు మాత్రం అక్కడే ఉంటుంది. బయటకు పోవడం తప్పని నేననను. పోయేముందు మీ కాంట్రాక్టు తీసి చూడండి. వసతి కంపెనీది అని రాసి ఉందా, అలవెన్సు అని రాసి ఉందా, ఎంత? నోటి మాట మీద క్యాంపు బెడ్ వదలకండి.

ఇక రెండోది, డబ్బు కట్టే బెడ్ స్పేస్. దీనికి దుబాయ్ కిరాయి చట్టం ఉంది. 2007లో వచ్చిన 26వ నంబరు చట్టం, దానికి 2008లో 33వ నంబరుతో చేసిన మార్పులు. ఉద్యోగులకు కంపెనీ ఉచితంగా ఇచ్చే వసతికి ఈ చట్టం వర్తించదు. అందుకే పైన రెండు దారులు అన్నాను.

ఈ చట్టంలో మనకు తగిలే ముక్క ఇది. ఓనరు దగ్గర కిరాయికి తీసుకున్నవాడు, ఓనరు రాతపూర్వకంగా ఒప్పుకోకుండా ఇంకొకరికి కిరాయికి ఇవ్వకూడదు. ఇస్తే ఓనరు ఇద్దరినీ ఖాళీ చేయించవచ్చు. అంటే తప్పు చేసింది ఎజారీ పేరున్న ఆయన, సామాను సర్దుకునేది మీరు కూడా. కానీ అదే చట్టం ఇంకో మాట కూడా చెబుతుంది. అలా బయటపడ్డ వ్యక్తికి, తనకు కిరాయికి ఇచ్చినవాడి దగ్గర నష్టపరిహారం అడిగే హక్కు ఉంటుంది. ఈ సంగతి మనలో ఎంతమందికి తెలుసు?

హక్కు ఉంది సరే, నిరూపించేదెట్లా? ప్రతి నెలా ఒకటో తారీఖున వచ్చి చేతిలో నోట్లు పెట్టించుకుని పోతాడు. రశీదు ఉండదు. డిపాజిట్‌కు రాత ఉండదు. ఆయన పూర్తి పేరు కూడా మీకు తెలియదు, "అన్న" అని పిలుస్తారు అంతే. రేపు ఎవరి మీద అడుగుతారు?

2025 జూన్‌లో దుబాయ్ మునిసిపాలిటీ అనుమతి లేని పార్టిషన్ల మీద పడింది. అల్ రిగ్గా, మురక్కబాత్, బర్షా, సత్వా, రఫా ఏరియాల్లో గట్టిగా తనిఖీలు చేసింది. అది దేరా వైపు గొడవ, మనకేంటి అనుకోకండి. నియమం దుబాయ్ అంతటికీ ఒకటే. హాలుకు ప్లైవుడ్డు, జిప్సం బోర్డు కొట్టి మూడు గదులు చేసిన ఫ్లాటు ఎక్కడున్నా దాని గతి అదే.

ఈ తనిఖీల మీద నా అభిప్రాయం సూటిగా చెబుతా. పార్టిషన్లు తీసేయడం తప్పు కాదు. 2023 ఏప్రిల్‌లో దేరాలోని అల్ రాస్‌లో ఒక బిల్డింగు కాలి 16 మంది పోయారు. 2024 జూన్ 12న కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికులుండే బిల్డింగు కాలి 45 మంది మన దేశం వాళ్లు చనిపోయారు. అందులో ముగ్గురు ఆంధ్రప్రదేశ్ వాళ్లు. గదుల మధ్య అడ్డంగా పెట్టిన మండే సామాను వల్లే నల్లటి పొగ కమ్మేసిందని అక్కడి అగ్నిమాపక అధికారులు చెప్పారు. నిద్రలో ఉన్నవాడికి మెట్లదాకా వచ్చే టైము కూడా ఉండదు. కాబట్టి పార్టిషన్‌ను నేను సమర్థించను.

అయితే పార్టిషన్ తీసినంత మాత్రాన అందులో ఉన్న మనిషి మాయం అయిపోడు కదా. రెండు వేల దిర్హాములు సంపాదించి ఇంటికి వెయ్యి పంపేవాడు ఇంకో చోటు వెతుక్కోవాలి. బెడ్లు తగ్గితే మిగిలినవాటి రేటు పెరుగుతుంది. గోడ తీయించేవాళ్లు ఆ జీతానికి తగ్గ చోటు కూడా చూపించాలి. ఈ మాట అడిగేది మనం కాకపోతే ఎవరు అడుగుతారు?

ఇప్పుడు కొంచెం చేదు మాట. ఈ గొలుసులో మధ్యన ఉన్నవాడు చాలాసార్లు మనవాడే. మన జిల్లావాడే, మన భాషవాడే. ఒక లెక్క వేద్దాం, ఉదాహరణకే. ఫ్లాటు కిరాయి ఏడాదికి 60,000 దిర్హాములు. అందులో 12 బెడ్లు, ఒక్కోటి నెలకు 700. నెలకు 8,400, ఏడాదికి 1,00,800. కిరాయి పోను 40,800 మిగిలింది. కరెంటు, నీళ్లు, వైఫై, ఖాళీ బెడ్లు, చెక్కు బౌన్సయ్యే భయం ఆయనవే, ఒప్పుకుంటా. ఆ కష్టానికి ఏదో కొంత మిగలాలి, అదీ ఒప్పుకుంటా. కానీ ఫ్లాటులో ఎనిమిది మందే ఉండదగ్గ చోట పన్నెండు మందిని కుక్కి, ఒక్కరికీ రశీదు ఇవ్వకుండా, "నేను మీకు సాయం చేస్తున్నా" అంటే అది సాయం కాదు, వ్యాపారం. వ్యాపారం చేసేవాడు రశీదు ఇవ్వాలి.

ఎజారీ పేరున్న అన్నలకు కూడా ఒక మాట. మీకు చట్టంలో మంచి రక్షణే ఉంది, దాన్ని వాడుకోండి. ఓనరు ఇష్టమొచ్చినంత పెంచలేడు. 2013 నాటి 43వ నంబరు డిక్రీ ప్రకారం, మీ కిరాయి మార్కెట్ సగటు కన్నా 10 శాతం వరకు తక్కువ ఉంటే ఏమీ పెంచకూడదు. 11 నుంచి 20 శాతం తక్కువ ఉంటే 5 శాతం, 21 నుంచి 30 ఉంటే 10 శాతం, 31 నుంచి 40 ఉంటే 15 శాతం, 40 దాటితే 20 శాతం దాకా పెంచవచ్చు. అదీ కాంట్రాక్టు ముగియడానికి 90 రోజుల ముందే చెప్పాలి. ఆ సగటు ఎంతో ల్యాండ్ డిపార్ట్‌మెంట్ కిరాయి సూచీలో కనిపిస్తుంది. 2025 జనవరి నుంచి బిల్డింగు వారీగా చూసుకునే కొత్త సూచీ కూడా వచ్చింది. సొంతంగా ఉండటానికనో, అమ్మడానికనో ఖాళీ చేయమంటే 12 నెలల ముందు నోటరీ ద్వారా గానీ రిజిస్టర్డ్ పోస్టులో గానీ నోటీసు ఇవ్వాలి. కరెంటు, నీళ్లు కోసి మిమ్మల్ని వెళ్లగొట్టకూడదు. అట్లా చేస్తే పోలీసు స్టేషన్‌లో చెప్పుకోవచ్చు. మిగతా తగాదాలకు దేరాలో కిరాయి వివాదాల కేంద్రం ఉంది. ఫీజు ఏడాది కిరాయిలో మూడున్నర శాతం, కనీసం 500 దిర్హాములు.

బెడ్‌లో ఉన్న తమ్ముళ్లూ, మీరు కూడా ఈ లెక్క గుర్తుపెట్టుకోండి. "ఓనరు పెంచాడు, బెడ్‌కు వంద ఎక్కువ ఇవ్వు" అని ఆయన అంటే, "ఎంత పెంచాడన్నా, కాగితం చూపించు" అని మర్యాదగా అడగండి. అడగడం తప్పు కాదు.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఫ్లాటులో ఉండేవాళ్లందరి పేర్లూ నమోదు చేయాలని దుబాయ్ ల్యాండ్ డిపార్ట్‌మెంట్ 2022లోనే చెప్పింది. దుబాయ్ రెస్ట్ అనే యాప్‌లో, ఎమిరేట్స్ ఐడీ వివరాలతో. ఎజారీ ఉన్న వ్యక్తి తన ఫోన్ నుంచే చేయవచ్చు. మీ పేరు అక్కడ ఉంటే మీరు ఆ ఇంట్లో ఉంటున్నారని ప్రభుత్వ రికార్డే చెబుతుంది. "పేరు ఎక్కించను" అంటున్నాడంటే, అక్కడ ఉండకూడనంత మంది ఉన్నారని గానీ, ఓనరుకు చెప్పలేదని గానీ అనుమానించాలి. రేటు తక్కువని ఆశపడి అక్కడ డిపాజిట్ కట్టకండి.

"అన్నా, ఇవన్నీ అడిగితే బెడ్డే ఇవ్వడు" అంటారు. నిజమే. ఒక్కడు అడిగితే ఇవ్వడు. వెనకాల పదిమంది లైన్లో ఉన్నారని చెబుతాడు. ఆ పదిమందీ అదే అడిగితే? అందుకే ఈ మాట గ్రూపులో రాస్తున్నా. మన బలం అంతా అక్కడే ఉంది.

కాబట్టి మీరు చేయగలిగినవి చెబుతా.

కిరాయి చేతిలో నోట్లుగా ఇవ్వకండి. బ్యాంకు ద్వారా పంపండి. కుదరకపోతే డబ్బు ఇచ్చిన వెంటనే "ఈ నెల బెడ్ కిరాయి 700 ఇచ్చాను, డిపాజిట్ 300 మీ దగ్గర ఉంది" అని వాట్సాప్‌లో పెట్టి "ఓకే" అనిపించుకోండి. ఆ మెసేజ్ తుడిచేయకండి.

చేరేముందు ఎజారీ కాగితం, దాని మీద పేరు, ఓనరు ఒప్పుకున్న రాత చూడండి.

మీరు ఇప్పటికే పార్టిషన్‌లో ఉంటే గాబరా పడి ఫిర్యాదుతో మొదలుపెట్టకండి. ముందు వేరే చోటు చూసుకోండి, డిపాజిట్ వెనక్కి ఇస్తానని రాయించుకోండి, తర్వాత కదలండి. అప్పటిదాకా తలుపుకు అడ్డంగా సామాను పెట్టకండి, ఒకే ప్లగ్గుకు నాలుగు హీటర్లు పెట్టకండి.

కోపంతో ఎవరి వీడియో తీసి టిక్‌టాక్‌లో, గ్రూపుల్లో పెట్టకండి. ఇక్కడి సైబర్ చట్టం కింద న్యాయం మీ వైపు ఉన్నా కేసు మీ మీద పడొచ్చు. చెప్పుకోవాల్సిన చోట చెప్పుకోండి. ఏ ఆఫీసుకు పోవాలో తెలియకపోతే ఇండియన్ కాన్సులేట్ వారి ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉంది. 80046342కు ఫోన్ చేయడం ఉచితం.

అన్నిటికన్నా మంచిది, నమ్మకమున్న నలుగురైదుగురు కలిసి, బ్యాచిలర్లకు అనుమతి ఉన్న బిల్డింగులో, అందరి పేర్లతో సొంతంగా ఒక చోటు తీసుకోవడం. చెక్కులు, డిపాజిట్ భారం పంచుకోవాలి, రాసుకోవాలి. కష్టమే. కానీ మధ్యవాడికి పోయే డబ్బు మీ దగ్గరే ఉంటుంది.

చివరగా మన ప్రభుత్వాలకు ఒక మాట. ఈ దేశంలో జాబ్ ఆఫర్ లెటర్ కార్మికుడి భాషలో కూడా ఇవ్వాలని 2016లో పద్ధతి మొదలైనప్పుడు 11 భాషలు పెట్టారు. హిందీ, ఉర్దూ, తమిళం, మలయాళం ఉన్నాయి. తెలుగు లేదు. జగిత్యాల నుంచి, సిరిసిల్ల నుంచి, కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి వచ్చినవాడు వసతి గురించి ఏం రాశారో చదవకుండానే సంతకం పెట్టాడు. హైదరాబాద్, అమరావతి పెద్దలు ఢిల్లీతో మాట్లాడి, తెలుగు పెట్టించాలని అడగాలి. ఓట్లకు ఊరికి రమ్మని ఫోన్ చేసే నాయకులకు ఈసారి మీరు ఈ మాట చెప్పండి.

ఇవాళ రాత్రి మాత్రం ఒక పని చేయండి. మీ కాంట్రాక్టు తీసి వసతి అన్న లైను వెతకండి. బయట ఉంటున్నవాళ్లు ఈ నెల కిరాయికి రశీదు అడగండి. ఇచ్చాడో లేదో, ఏమన్నాడో, ఎవరి పేరూ రాయకుండా, అడ్మిన్‌కు మెసేజ్ పెట్టండి. ఎంతమందికి కాగితం ఉందో, ఎంతమందికి లేదో లెక్క తేలితే, కాన్సులేట్ ముందు పెట్టడానికి మన చేతిలో ఒక కాగితం ఉంటుంది.