చమురు బావికి ఊక బూడిద: చౌకతనం కాదు, నాణ్యతే బేరం

వరి మిల్లుల పెరట్లో గుట్టలుగా పడివుండే ఊక బూడిదకు చమురు బావుల సిమెంటులో చోటు దొరుకుతుందన్న మాట చెవిన పడగానే వర్తకులలో ఆశలు రేగడం సహజం. పారవేయడానికే కూలి ఇచ్చుకునే సరకుకు చమురు కంపెనీ వంటి గట్టి కొనుగోలుదారు వస్తాడంటే ఎవరికి చేదు? అయితే ఈ సరకును చౌక సరకుగా అమ్మబోతే బేరం నిలవదు. పరీక్షకు నిలిచిన సరకుగా అమ్మితేనే కొంత భవిష్యత్తు ఉంది. ఈ తేడాను బజారు ముందుగానే గ్రహించడం మంచిది.

బావిలో సిమెంటు చేసే పని ఇళ్ల నిర్మాణంలో చేసే పని వంటిది కాదు. బావి తవ్విన తర్వాత లోపలికి ఉక్కు గొట్టం దింపుతారు. ఆ గొట్టానికీ, చుట్టూ ఉన్న రాతికీ నడుమ సందు మిగులుతుంది. పలుచగా కలిపిన సిమెంటును గొట్టం గుండా అడుగుకు పంపి, ఆ సందులోంచి పైకి ఎక్కిస్తారు. అది గట్టిపడి ఒక పొరలోని గ్యాసు, నీరు మరో పొరలోకి చొరబడకుండా, పైకి తన్నుకురాకుండా ఆపాలి. పంపు చేస్తున్నంతసేపూ గడ్డకట్టకూడదు, పంపు ఆగిన తర్వాత ఆలస్యం చేయకూడదు. ఒకసారి లోపలికి పోయిన సరకును వాపసు తీసుకునే వీలు లేదు.

కొత్త మాట కాదు

మొక్కల నుంచి వచ్చే వ్యర్థం బావి సిమెంటులోకి రావడం వింతేమీ కాదు. కలప గుజ్జుతో కాగితం చేసేటప్పుడు మిగిలే ద్రవం నుంచి తీసే లిగ్నోసల్ఫోనేటును, సిమెంటు త్వరగా గడ్డకట్టకుండా నిలిపే పదార్థంగా దశాబ్దాలుగా వాడుతున్నారు. బావి తవ్వే ద్రవం రాతి పగుళ్లలోకి ఇంకిపోతున్నప్పుడు ఆ పగుళ్లను పూడ్చడానికి అక్రోటు చిప్పల పొడి, పత్తిగింజ పొట్టు వంటివి పోయడమూ పాత అలవాటే. కాగా మొక్కల వ్యర్థమంతా ఒకే పద్దులో పడదు. చెరకు పిప్పి, రంపపు పొట్టు వంటి వాటిలో ఉండే చక్కెరలు సిమెంటును గట్టిపడనివ్వవు. శుద్ధి చేసి, మోతాదు తెలిసి వేస్తే మందు, పచ్చిగా వేస్తే విషం.

ఊక సంగతి వేరు. ధాన్యం బరువులో సుమారు ఐదోవంతు ఊక. దానిని కాలిస్తే అందులో మళ్లీ సుమారు ఐదోవంతు బూడిద. బాగా కాలిన బూడిదలో నూటికి 85 నుంచి 90 పాళ్లకు పైగా సిలికాయే. లోతు బావులలో వేడి 110 డిగ్రీల సెంటీగ్రేడు దాటితే మామూలు బావి సిమెంటు గట్టిపడిన తర్వాత క్రమంగా బలం కోల్పోతుంది. దీనికి విరుగుడుగా సిమెంటు బరువులో నూటికి 35 నుంచి 40 వంతున సిలికా పొడి కలపడం స్థిరపడిన పద్ధతి. ఆ సిలికాలో కొంత భాగాన్నైనా ఊక బూడిద నుంచి తీసుకోవచ్చునా అన్నదే ప్రశ్న. కృష్ణా, గోదావరి జిల్లాలలో వరి మిల్లులూ, చమురు, గ్యాసు బావులూ ఇరుగుపొరుగునే ఉన్నాయి కనుక ఈ ప్రశ్న మన బజారుకు దూరపు ముచ్చట కాదు.

బూడిదలన్నీ ఒకటి కావు

చిక్కు కాల్పులో ఉంది. ఊకను సుమారు 700 డిగ్రీలకు మించకుండా, గాలి సరిగా అందేట్టు కాలిస్తే సిలికా స్ఫటికం కట్టకుండా చురుకుగా మిగులుతుంది. అంతకు మించి మండితే స్ఫటికం కట్టి చురుకు తగ్గుతుంది. గాలి చాలకపోతే కాలని బొగ్గు మిగిలి బూడిద నల్లబడుతుంది. ఉప్పుడు బియ్యం మిల్లు బాయిలరు నుంచి వచ్చే బూడిదలో ఈ మూడు రకాలూ కలిసే ఉండవచ్చు. నిన్నటి సరకుకూ నేటి సరకుకూ పోలిక ఉండదు. పైగా చురుకైన బూడిద రేణువులు గుల్లగా ఉండి నీటిని విపరీతంగా పీల్చుకుంటాయి. సిమెంటు చిక్కబడి పంపుకు ఎక్కనంటుంది. దాన్ని పలుచన చేసేందుకు మరో రసాయనం వేయాలి. ఆ ఖర్చునూ లెక్కలో వేసుకోకుండా బూడిద చౌక అనడం సగం లెక్కే.

మన ప్రమాణాలు ఊక బూడిదను నిరాకరించలేదు. మామూలు కాంక్రీటుకు సంబంధించిన భారత ప్రమాణం ఐ.ఎస్. 456 (2000) దీనిని అనుమతిస్తుంది. కాని కోరిన పనితనం, ఎప్పుడూ ఒకే తీరుగా ఉండే గుణం చూపితేనే అన్నది షరతు. నేల మీది కాంక్రీటుకే ఈ షరతు ఉంటే, నేల లోపలి సిమెంటుకు ఎంత కట్టుదిట్టం కావాలో చెప్పనక్కరలేదు.

గిరాకీ ఎంత?

ఆశ పెట్టుకునే ముందు కాగితం మీద లెక్క వేయాలి. రోజుకు 100 టన్నుల ధాన్యం ఆడే మిల్లులో 20 టన్నుల ఊక, అందులోంచి 4 టన్నుల బూడిద వస్తుంది. వేడి బావిలో 100 టన్నుల సిమెంటుకు కావలసిన సిలికా 35 నుంచి 40 టన్నులు. అదంతా బూడిదే అనుకున్నా ఒక్క మిల్లు పది రోజుల సరకుతో సరిపోతుంది. మరోపక్క దేశంలో 2022-23లో బియ్యం ఉత్పత్తి 13.5 కోట్ల టన్నులు దాటింది. ఆ లెక్కన ఊక సుమారు 4 కోట్ల టన్నులు. అంటే చమురు బావులు బూడిద గుట్టలను కరిగించలేవు. ఈ వార్తను నమ్మి ఊకను గోదాములలో నింపేవారు చివరకు బాయిలర్లకు, ఇటుక బట్టీలకే అమ్ముకోవలసి వస్తుంది.

గోరుచిక్కుడు బంక చరిత్ర ఇంకా మరుపుకు రాలేదు. అమెరికాలో రాతిపొరలను చీల్చి గ్యాసు, చమురు తీసే పనికి ఈ బంక కావలసి రావడంతో 2012లో ధర క్వింటాలు లక్ష రూపాయల దరిదాపులకు పోయింది. సట్టా మితిమీరడంతో ఆ ఏడాది మార్చిలో ఫార్వర్డ్ మార్కెట్ల కమిషన్ ముందస్తు బేరాలను నిలిపివేసింది. 2013 మేలో గాని అవి తిరిగి మొదలుకాలేదు. 2014 చివర చమురు ధరలు కూలగానే బంక గిరాకీ కూడా జారింది. ఆకాశాన్నంటిన ధర చూసి కొనుగోలుదార్లు ప్రత్యామ్నాయాలు వెతుక్కోవడమూ అందులో భాగమే. చమురు రంగాన్ని నమ్ముకున్న సరకు ఏదైనా చమురు ధరతోనే లేస్తుంది, చమురు ధరతోనే పడుతుంది. పైగా ఆ బంకకు వెంటనే దొరికే బదులు లేదు. ఊక బూడిదకు ఇసుకరాతి పొడి ఎల్లవేళలా పోటీగా ఉంటుంది.

నాసిరకం సరకు వల్ల కలిగే నష్టం ఒక లాటు తిరస్కరణతో పోదు. 2010 ఏప్రిల్ 20న మెక్సికో సింధుశాఖలోని మకాండో బావి పేలి 11 మంది మరణించారు. బావి అడుగున వేసిన సిమెంటు గ్యాసును ఆపలేకపోయిందని విచారణలో తేలింది. అక్కడ తప్పు బూడిదది కాదు. అయినా పరీక్షలో సందేహం కలిగించిన సిమెంటు కూర్పును బావిలోకి పంపితే ఏమవుతుందో ఆ ప్రమాదం లోకానికి చూపింది. బావి అదుపు తప్పితే ఏమిటో కోనసీమ వాసులకు వేరే చెప్పాలా? 1995 జనవరిలో పాశర్లపూడిలో అంటుకున్న మంట రెండు నెలలకు పైగా ఆరలేదు. దానికి కారణాలు వేరు కావచ్చు. కాని రెండు రూపాయలు మిగులుతాయని బావితో బేరమాడే కొనుగోలుదారు ఉండడు, ఉండకూడదు.

చేయవలసినది

కనుక బూడిదను లోడు లెక్కన కాక గుణం లెక్కన అమ్మే పద్ధతి రావాలి. సిలికా పాలు, కాలని బొగ్గు, తేమ, మెత్తదనం, స్ఫటికం కట్టిన భాగం, ఈ అయిదూ ప్రతి లాటుకూ పరీక్షించి ధర కట్టాలి. నమూనాకు ఇరుపక్షాల సీలు ఉండాలి. బాయిలరు బూడిదను, అదుపులో కాల్చిన బూడిదను ఒకే గోదాములో కలిపే అలవాటు మానాలి. బూడిద తేలిక సరకు. లారీ నిండుతుంది గాని కాటాలో తూగదు. దూరపు రవాణా లాభాన్ని మింగేస్తుంది కనుక మిల్లుల దగ్గరనే కాల్చి, నూరి, సంచులలో నింపాలి. స్ఫటిక సిలికా దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. హమాలీలకు ముసుగులు, దుమ్ము బయటికి పోని సంచులు ఖర్చు కింద కాక సరకులో భాగంగా చూడాలి.

ఇందుకు కావలసిన కొలిమి పెట్టుబడి మిల్లరు ఒక్కడే భరించడం న్యాయం కాదు. బావి సిమెంటు పని చేసే సంస్థలు ప్రయోగశాల ఫలితాలతో సరిపెట్టక, బావి వేడి, ఒత్తిడి లెక్కన పరీక్షలు జరిపి, నెగ్గిన సరకుకు మాట కాక రాతపూర్వకమైన దీర్ఘకాల ఒప్పందం ఇవ్వాలి. అది లేనిదే కొలిమి కట్టిన మిల్లరు గోరుచిక్కుడు రైతు చవిచూసిన అనుభవాన్నే చూస్తాడు.

ప్రస్తుతానికి ఉక్కు కర్మాగారాలు, కాంక్రీటు పనులే మంచి బూడిదకు నమ్మకమైన దారులు. వాటి కోసం నాణ్యత కుదుర్చుకున్న మిల్లుకు చమురు బావి అదనపు గిరాకీ అవుతుంది. బావినే నమ్ముకుని నిలవలు పెంచిన వర్తకుడికి మిగిలేది మాత్రం బూడిదే.