సగం రాసిన నోట్‌బుక్కులు (సీమ నేల మాటలు – 19)



ఈ ధారావాహిక రెండు నెలలుగా ఎందుకు ఆగిందని చాలామంది అడిగారు. కారణం దాచను. నాకు రొమ్ము క్యాన్సర్. నాలుగో దశ. ఎముకలకు పాకింది. మందులు పనిచేస్తే కొన్నేళ్లు ఉంటాను, లేకపోతే అంతకన్నా తక్కువ. నా వయసు 37.

"ఎవురికీ చెప్పొద్దు పాపా" అంది మా అమ్మ. మా మాదిగవాడలో ఈ జబ్బును పేరు పెట్టి పిలవరు. 'పెద్దరోగం' అంటారు, అదీ గొంతు తగ్గించి. మా అవ్వ 2004లో కడుపులో గడ్డతో పోయింది. అది ఏ గడ్డో ఎవరూ పరీక్ష చేయలేదు. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీని మొదటగా ప్రారంభించిన మూడు జిల్లాల్లో మా అనంతపురం ఒకటి. అవ్వ మూడేళ్ల ముందే పోయింది. నాకు నెల జీతం ఉంది, హెల్త్ కార్డు ఉంది, బెంగళూరు పోయి రావడానికి ఛార్జీలున్నాయి. రిజర్వేషన్ సీటు, ఎస్సీ విద్యార్థులకు అప్పట్లో ఇచ్చిన రాజీవ్ గాంధీ ఫెలోషిప్ లేకుంటే నేనూ పేరు తెలియని గడ్డతోనే పోయేదాన్ని. అందుకే పేరు పెట్టి చెబుతున్నాను.

విషయం తెలిసినవాళ్లు రెండు రకాల సలహాలిస్తున్నారు. కొందరు, "చావు మాట ఎత్తొద్దు, ధైర్యంగా ఉండు" అంటున్నారు. ఇంకొందరు, "ఆ పాటల పుస్తకం త్వరగా పూర్తి చెయ్యి, నీ పేరు నిలబడుతుంది" అంటున్నారు. రెండో సలహా గురించే ఈ రోజు రాయాలనుకున్నాను. ఎందుకంటే నేనూ ఒక నెలపాటు దాన్నే నమ్మాను.

కీమో ఎక్కించుకున్న మూడో రోజు నోరంతా పుండ్లు. చేతివేళ్లు మొద్దుబారి పెన్ను నిలవదు. ఆ స్థితిలో కూర్చుని ఒక పీఠిక మూడుసార్లు రాసి మూడుసార్లూ చించేశాను. అప్పుడు గుర్తొచ్చింది బాబాసాహెబ్ కాగితాల కథ.

1956 డిసెంబరు 6న ఆయన పోయేనాటికి ఎన్నో రాతలు సగంలో ఉన్నాయి. ఆ కాగితాల పెట్టెలు కోర్టు అధీనంలోకి పోయాయి. మహారాష్ట్ర ప్రభుత్వం వసంత్ మూన్ సంపాదకత్వంలో 1979 నుంచి సంపుటాలు వేయడం మొదలుపెట్టింది. 'రిడిల్స్ ఇన్ హిందూయిజం' బయటికొచ్చేసరికి 1987. అంటే 31 ఏళ్లు. ఆ పుస్తకం మీద గొడవ లేచినప్పుడు దాన్ని కాపాడుకోవడానికి 1988లో దళితులు బొంబాయి వీధుల్లోకి వేలాదిగా వచ్చారు. ఆయన పూర్తి చేయలేకపోయిన పుస్తకం కోసం!

దీన్నుంచి నేను నేర్చుకున్నది ఇది: సగంలో ఉందని ఏదీ పనికిరాకుండా పోదు. పెట్టెలో ఉండిపోతేనే పోతుంది. ఆయన కాగితాలు 31 ఏళ్ల తర్వాతైనా దొరికాయి. మన అవ్వల పాటలకు ఏ కోర్టు తాళం వేసి కాపలా కాస్తుంది?

మా జిల్లా నవలాకారుడు, 'పంచమం' రాసిన చిలుకూరి దేవపుత్ర గారు 2016 అక్టోబరులో గుండెపోటుతో పోయారు. ఆయనకు ముందస్తు కబురేదీ అందలేదు. నాకు అందింది. ఈ జబ్బు నాకిచ్చిన మేలేదైనా ఉంటే అదొక్కటే.

దానికి సుమారు నెల ముందు, 2016 సెప్టెంబరు 16న, బొజ్జా తారకం గారు మెదడు క్యాన్సర్‌తో పోయారు. కారంచేడు మారణకాండకు నిరసనగా హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాది పదవిని వదిలేసిన మనిషి. కవిత్వం రాశారు, నవల రాశారు. కానీ నా చేతికి మొదట వచ్చింది 'పోలీసులు అరెస్టు చేస్తే' అనే చిన్న పుస్తకం. మా మామ దగ్గర అట్ట ఊడిపోయి ఉండేది. రాత్రిపూట జీపు వచ్చినప్పుడు అందులోని మాటలు పనికొచ్చాయి. వకీలు ఫీజు తీసుకుని చెప్పే సంగతులను ఆయన వాడవాడకూ పంచిపెట్టారు. అదీ జబ్బు పడ్డాక కాదు, ఒంట్లో సత్తువ ఉన్నప్పుడే.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పాలి. నా పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథం అనుబంధంలో 34 పాటలున్నాయి. కలుపు తీస్తూ, చెనిక్కాయలు ఒలుస్తూ మా ఆడవాళ్లు పాడినవి. పాడినవాళ్ల పేర్లు ఒక్కటీ లేవు. 'జానపదం' అని రాసి సంతకం నాది పెట్టాను. డాక్టరేట్ నాకొచ్చింది. వాళ్లలో ఎంతోమంది ఇప్పుడు లేరు. నేనూ పోతే ఏ పాట ఎవరిదో చెప్పేవాళ్లు ఉండరు. నా పేరు నిలబెట్టే పుస్తకం కన్నా ముందు నేను తీర్చాల్సిన బాకీ ఇది.

మా అవ్వ గొర్రు వెనక విత్తనం పోసే కూలి. వాన నమ్మకం లేని ఈ నేలలో ఆమె ఒక మాట అనేది: "పదునైన దినమే విత్తాల, ఇంగో వాన కోసం సూస్తే నేల ఆరిపోతాది." భూమి ఆమెది కాదు, ఆ తెలివి మాత్రం ఆమెదే. పాస్‌పుస్తకం లేని ఇంట్లో నాకు దక్కిన ఆస్తి అది.

అందుకే పుస్తకం పూర్తి చేయడం మానేశాను. ఐదుగురు డిగ్రీ పిల్లలకు నోట్‌బుక్కులు పంచాను. ఫోన్లో ఉన్న రికార్డింగులన్నీ ఇచ్చేశాను, నా కొట్టివేతలూ తప్పులూ సహా. మందుల మధ్య ఓపిక ఉన్న రోజుల్లో వాళ్లతో కూర్చుని ఒక్కో పాటకూ పాడినామె పేరు, వాడ, సంవత్సరం రాయిస్తున్నాను. ఇప్పటికి 19 అయ్యాయి. గుర్తురాని చోట ఖాళీ వదిలి, ఎవరిని అడగాలో రాస్తున్నాం. నిన్న ఒక పాప, "మేడం, ఈమె మా నాయనకు మేనత్త" అంది. ఒక ఖాళీ నిండింది.

విద్యార్థులారా, ఉద్యమ మిత్రులారా, మీ దగ్గర సగంలో ఏముంది? ఊరి దాడి మీద సేకరించిన కాగితాలా, ఒక పాత నాయకుడి మాటలా, మీ అవ్వ గొంతా? జబ్బు వచ్చేదాకా ఆగకండి. ఈ వారమే ఇద్దరికి కాపీ ఇవ్వండి. మాట చెప్పినవాళ్ల పేరు ముందు రాయండి, మీ పేరు తర్వాత. అలాగే మీ ఇంట్లో ఏ ఆడమనిషైనా రొమ్ములో గడ్డ ఉందని చెబితే గొంతు తగ్గించకండి, ఆసుపత్రికి తీసుకెళ్లండి.

వచ్చే సోమవారం నాకు మళ్లీ కీమో. ఆపై భాగం ఆలస్యమైతే మా పిల్లల్లో ఒకరు రాస్తారు.

జై భీమ్.